తొమ్మిదో బెడ్ తాతలో కనిపించే దేవుడు నాలుగో బెడ్ పెద్దాయనలో కనిపించడం లేదు

ఈ ఉత్తరం రాసినామె కోస్తా జిల్లాలోని ఒక పట్టణంలో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఇరవై ఆరేళ్ళు. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివారు. తాతల కాలం నుంచి లూథరన్ క్రైస్తవ కుటుంబం. మగవాళ్ళ మెడికల్ వార్డులో పని. నైట్ డ్యూటీలో ఇరవై ఆరు బెడ్లకు ఇద్దరే నర్సులు.

నాలుగో బెడ్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. పలుకుబడి గల కుటుంబం. కుడిపక్క పడిపోయింది గానీ మాట పోలేదు. చేరిన రోజే ఈమె ఇంటిపేరు, ఊరు అడిగి కులం తెలుసుకున్నారు. అప్పటి నుంచి ఈమె ఇచ్చిన నీళ్ళు తాగరు, కులం పేరు పెట్టి తిడతారు. ఒకసారి ఎడమచేత్తో స్టీలు గ్లాసు విసిరారు. పక్కనే ఉన్న కొడుకు నవ్వి, "పెద్దాయన, పట్టించుకోకు" అన్నాడు. అదే కొడుకు ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళి, ఈమెను కాకుండా వేరే అమ్మాయిని పంపమన్నాడు.

తొమ్మిదో బెడ్‌లో షుగర్ వల్ల కాలికి పుండు పడిన ఒక తాత. ఆరోగ్యశ్రీ కేసు. కొడుకులు చేర్చి వెళ్ళిపోయారు. పుండు వాసనకు ఆ బెడ్ దగ్గర ఎవరూ నిలబడరు. షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్‌లో కూడా ఆయన పేరు "నైన్". తాతా అని పిలిచేది ఈమె ఒక్కరే. ఒక రాత్రి ఆయన నొప్పితో ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని పైకి వినిపించేలా ప్రార్థన చేశారు. ఆయన క్రైస్తవుడు కాదు. పొద్దున ఇన్‌ఛార్జి సిస్టర్ పిలిచి, "ఇక్కడ మతం పెట్టకు. అక్కడే కూర్చోకుండా బిల్లు కట్టేవాళ్ళ బెడ్లు కూడా చూడు" అని కేకలేశారు.

ఇక అసలు సంగతి. పోయిన వారం ఒక రాత్రి పెద్దాయన మళ్ళీ తిట్టారు. ఆ కోపంలో ఈమె కర్టెన్ లాగకుండా, ఒక్క మాటైనా చెప్పకుండా, వార్డంతా చూస్తుండగానే ఆయన డైపర్ మార్చేశారు. "ఆయన కళ్ళు మూసుకున్నారు. నాకు ఆ క్షణంలో బాగానే అనిపించింది. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం తినలేకపోయాను" అని రాశారు. వాళ్ళమ్మ ఓర్చుకోమంటున్నారు. చర్చిలో అయ్యగారు "అది నీ సిలువ" అన్నారు. "ప్రతి మనిషీ దేవుని స్వరూపమని సండే స్కూల్లో నేర్చుకున్నాను. అది తాతలో కనిపిస్తుంది, నాలుగో బెడ్‌లో కనిపించడం లేదు. నా విశ్వాసం అబద్ధమా? ఆయనకు క్షమాపణ చెప్పాలా? ఆస్పత్రికి రాసిచ్చిన సర్వీసు బాండ్ అయ్యాక ఈ పని మానేసి, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌కో జర్మనీకో వెళ్ళిపోనా?" అని అడిగారు.

అమ్మా, మీ విశ్వాసం అబద్ధం కాదు. అన్నం తినలేకపోవడంలోనే అది తెలుస్తోంది. అయితే మీ ఉత్తరంలో నాలుగైదు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. మీరు చేసిన తప్పు, మీకు జరిగిన అన్యాయం, వార్డులో మనుషుల కొరత, ప్రార్థన సంగతి, మీ భవిష్యత్తు. వీటన్నిటికీ కలిపి "ఓర్చుకో" అనే ఒకే మందు ఇచ్చారు మీ వాళ్ళు. ఒక్కోదాన్నీ విడిగా చూద్దాం.

ముందు, కనిపించడం, కనిపించకపోవడం గురించి. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు తన స్వరూపంలో నరుణ్ణి చేశాడని ఉంది, స్త్రీనీ పురుషుణ్ణీ ఇద్దరినీ అలాగే చేశాడని ఉంది. మంచివాణ్ణి అనో, తెలివి ఉన్నవాణ్ణి అనో, మన మీద కృతజ్ఞత చూపేవాణ్ణి అనో అక్కడ లేదు. మనిషి ఏమీ చేయకముందే ఇచ్చిన విలువ అది. కాబట్టి స్పృహ పోయినా, మాట పోయినా, మలమూత్రాల మీద అదుపు పోయినా తగ్గదు. నోటి దురుసుతనం వల్ల కూడా తగ్గదు. ఈ చివరి మాటే మనకు మింగుడుపడదు. తాత మీద మీకున్నది నిజమైన ప్రేమే, కానీ అందులో జాలి కూడా కలిసి ఉంది. జాలి కలిగినచోట స్వరూపం చూడటం తేలిక. జాలి కలగనిచోట కూడా అది ఉంటుందని నమ్మడమే క్రైస్తవ విశ్వాసం అడిగేది. చూడమని కాదు, అనుభూతి చెందమని కాదు, నమ్మి ఆ ప్రకారం చేతులు కదపమని.

నర్సింగ్‌కు ఇది ఎంతో ఊరట. నాలుగో బెడ్ దగ్గరికి వెళ్ళినప్పుడు మీ గుండెలో ప్రేమ పొంగనక్కర్లేదు. కర్టెన్ లాగండి. "అయ్యా, బట్ట మారుస్తున్నాను" అని చెప్పండి. అవసరమైనంత మేరకే దుప్పటి తీసి మళ్ళీ కప్పండి. నీళ్ళు మరీ చల్లగా లేకుండా చూడండి. ఇవన్నీ కోపంతో ఉన్న మనిషి కూడా చేయగలిగే పనులు. మీరు అసహ్యంతో, కోపంతో ఉండి కూడా ఇవి చేస్తే కపటం చేసినట్టు కాదు. సువార్తల్లో యేసు అంధుడైన బర్తిమయి దగ్గర ఆగి, "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఎవరికైనా తెలుసు. అయినా అడిగాడు. మంచం మీద ఉన్న మనిషికి ఆ ప్రశ్న ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. రోజంతా అతని శరీరాన్ని అందరూ తిప్పుతారు, గుచ్చుతారు, తుడుస్తారు. అడిగేవాళ్ళు ఉండరు.

ఇరవై ఆరు బెడ్లకు ఇద్దరున్నచోట ఇదంతా కుదిరేదేనా అంటారేమో. కొన్ని కుదరవు, అది మీ పాపం కాదు. పక్షవాతం పేషెంట్‌ను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండు పడుతుంది. ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి. మనుషుల్ని ఇవ్వకుండా మానవ గౌరవం గురించి గోడ మీద బోర్డు పెట్టే యాజమాన్యాలు ఆ లెక్కకు జవాబు చెప్పాలి, మీరు కాదు. కానీ పేరు పెట్టి పిలవడానికీ, ముట్టుకునే ముందు చెప్పడానికీ, కర్టెన్ లాగడానికీ అదనంగా మనిషి అక్కర్లేదు. కుదిరేవి, కుదరనివి మీ మనసులో వేరు చేసుకుంటే సగం అపరాధభావం తగ్గుతుంది. మంచి సమరయుని కథను కూడా ఒకసారి ఈ కోణంలో చదవండి. దొంగలు కొట్టి దారిలో పడేసిన ఒక మనిషి గాయాల మీద అతను నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు. మర్నాడు పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని తన దారిన వెళ్ళాడు. అంతా తానే మోయలేదు. పనిని ఇంకొకరికి అప్పగించాడు, దానికి డబ్బు కట్టాడు. సంరక్షణకు మనుషులు, సొమ్ము, షిఫ్టు మార్పిడి కావాలని ఆ కథలోనే ఉంది.

ఇప్పుడు మీకు జరిగిన అన్యాయం. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది.

మన దగ్గర నర్సింగ్ చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోండి. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, 1898లో అక్కడ మిషన్ ఆస్పత్రి తెరిచారు. వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సులకు బడి పెట్టారు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠరోగుల కోసం ఆస్పత్రి కట్టారు. ఆ రోజుల్లో పరాయి శరీరాన్ని తుడవడం, చీము రక్తం ముట్టుకోవడం మైల పని. పరువున్న కుటుంబాలు ఆడపిల్లల్ని పంపేవి కావు. ఆ పనికి ముందుకొచ్చిన వాళ్ళలో కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు, అందులో దళిత కుటుంబాల వాళ్ళు చాలామంది. ముట్టుకుంటే మైలపడతామన్న మాటను వాళ్ళు తమ చేతులతోనే కొట్టిపారేశారు. యేసు కుష్ఠరోగిని బాగుచేశాక ముట్టుకోలేదు, ముట్టుకుని బాగుచేశాడు. మీరు నిలబడి ఉన్నది ఆ వరుసలో. మీ చేతి నీళ్ళు వద్దన్న మనిషి ఆ పాత రోగాన్నే ఇంకా పట్టుకుని ఉన్నాడు.

దేవుని స్వరూపం అనే మాట నాలుగో బెడ్‌కు ఎంత వర్తిస్తుందో మీకూ అంతే వర్తిస్తుంది. ఒకే నాలుకతో దేవుణ్ణి స్తుతించి, ఆయన పోలికలో పుట్టిన మనుషుల్ని శపించడం తగదని యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. కాబట్టి మిమ్మల్ని కులం పేరుతో తిట్టడం మీ ఒక్కరి వ్యక్తిగత బాధ కాదు, మీరు మింగేస్తే మాయమైపోయేది కాదు. అయ్యగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, "నీ సిలువ" అనే మాట ఇక్కడ సరిపోదు. యోహాను సువార్తలో ప్రధాన యాజకుని ముందు ఒక బంట్రౌతు యేసును కొడితే, నేను మాట్లాడింది తప్పయితే చూపించు, కాకపోతే నన్నెందుకు కొడుతున్నావని నిలదీశాడు. తిరిగి కొట్టలేదు, అలాగని ఊరుకోనూ లేదు. ఫిలిప్పీ పట్టణంలో సువార్త చెబుతున్న పౌలును, సీలను బహిరంగంగా కొట్టించి జైల్లో వేసి, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మన్నారు. పౌలు కదల్లేదు. మీరే వచ్చి మమ్మల్ని బయటకు తీసుకెళ్ళండి అని అధికారులకు కబురు పెట్టాడు. వాళ్ళు వచ్చి బతిమాలుకున్నాకే వెళ్ళాడు. మీ చర్చిలో ఈ రెండు భాగాల మీద కూడా ప్రసంగాలు రావాలని నా కోరిక.

తండ్రినీ కొడుకునూ మాత్రం ఒకే గాటన కట్టకండి. పక్షవాతం కొందరిలో నోటి మీద, కోపం మీద ఉండే అదుపును కూడా దెబ్బతీస్తుంది. ఆయన ముందు నుంచీ ఇలాంటివారేనా, ఇప్పుడు ఎక్కువైందా అన్నది డాక్టర్ తేల్చాలి. గ్లాసు విసిరిన సంగతి, తిట్ల సంగతి నర్సెస్ నోట్స్‌లో తేదీ, సమయంతో రాయండి. ఫిర్యాదుగా కాదు, పేషెంట్ ప్రవర్తనగా రాయండి. అది వైద్యానికి పనికొస్తుంది, రేపు మీకు ఆధారంగానూ ఉంటుంది. కొడుకుకు ఏ జబ్బూ లేదు. అతని నవ్వుకు, వేరే నర్సు కావాలన్న కోరికకు ఏ మినహాయింపూ లేదు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. మొదటిది, మీరే ఆ బెడ్ మార్చమని అడగడం. పైకి చూస్తే కొడుకు అడిగిందీ ఇదే. కానీ ఎవరు అడిగారు, ఏ కారణం రాశారు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. కొడుకు మాట మీద మిమ్మల్ని తీసేస్తే ఆస్పత్రి కులాన్ని ఒప్పుకున్నట్టు. "నన్ను కులం పేరుతో దూషిస్తున్నారు, గ్లాసు విసిరారు, అందువల్ల కొంతకాలం వేరే బెడ్లు ఇవ్వండి" అని మీరు రాసిస్తే తప్పు ఎవరిదో కాగితం మీద ఉంటుంది. నష్టం ఏమిటంటే, మీ బదులు వెళ్ళే అమ్మాయి కూడా మీ కులం అమ్మాయే అయితే ఆమెకూ ఇదే గతి.

రెండోది, అక్కడే ఉండి ఒంటరిగా వెళ్ళకపోవడం. వార్డు బాయ్‌నో, తోటి నర్సునో తోడు తీసుకుని వెళ్ళండి. ఆయన్ను తిప్పడానికి ఎలాగూ ఇద్దరు కావాలి కదా. తోడుంటే సాక్ష్యం ఉంటుంది, మీ కోపానికీ ఒక అదుపు ఉంటుంది. తిట్టినప్పుడు ఒకే మాట, గొంతు పెంచకుండా చెప్పండి: "నన్ను అలా పిలవకండి. మీ పని పూర్తి చేసి వెళ్తాను." మీ పని ఆగదు, మీ మాటా ఆగదు. మనుషులు చాలని రాత్రి ఇది కుదరకపోవచ్చు, అది ముందే ఇన్‌ఛార్జికి చెప్పండి.

మూడోది, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వక ఫిర్యాదు. కొడుకును పిలిచి హెచ్చరించడం, అతని అటెండెంట్ పాస్ ఆపేయడం ఆస్పత్రి చేతిలో ఉన్న పని. చేస్తారా అంటే, బిల్లు పెద్దదైతే వెనకాడతారు, మీ మీదే రుసరుసలాడవచ్చు. బాండ్ ఇంకా ఉందన్నారు. ఫిర్యాదు కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. ఒక్కరే కాకుండా ఇలాంటి తిట్లు తిన్న ఇంకో ఇద్దరు సంతకం పెడితే బలం ఎక్కువ.

పోలీసు కేసు దాకా వెళ్ళాలా అన్నది మీరు అడగలేదు, మీ వాళ్ళు ఎవరైనా అనవచ్చు కాబట్టి చెబుతున్నాను. మీ సర్టిఫికెట్‌లో బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఇచ్చే వర్గం) అని ఉంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవడం కష్టం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవంలోకి మారిన ఒకరి కేసులో ఆ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టేవాడు పాత కులం పేరే పట్టుకుని తిడతాడు, చట్టం మాత్రం ఆ కులం లేదంటుంది. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. వైద్య సిబ్బంది మీద దాడులకు 2008 నాటి రాష్ట్ర చట్టం ఉంది. కానీ సగం శరీరం పడిపోయిన పేషెంట్ మీద దాన్ని వాడటం నా ఉద్దేశంలో సరికాదు. కొడుకు చెయ్యెత్తినా, బెదిరించినా అప్పుడు ఆలోచించండి, అదీ వకీలుతో మాట్లాడాక.

ప్రార్థన విషయంలో మాత్రం నేను మీ ఇన్‌ఛార్జి సిస్టర్‌తో సగం ఏకీభవిస్తాను. ఆ తాత మీ మీద ఆధారపడ్డ మనిషి. కట్టు మార్చే చెయ్యి ప్రార్థన చేస్తానంటే వద్దనే ధైర్యం ఆయనకు ఉంటుందా? మనసుకు నచ్చినదాన్ని నమ్మే స్వేచ్ఛ కూడా దేవుని స్వరూపంలో భాగమే, దాన్ని కాపాడటం మీ విశ్వాసానికి విరుద్ధం కాదు. మనసులో ప్రార్థించుకోండి, ఎవరూ ఆపరు. ఆయనే అడిగితే ఒక మాట ప్రార్థించండి. లేదా "తాతా, మీకు ఏ దేవుడి పేరు వింటే ధైర్యంగా ఉంటుంది?" అని అడిగి, ఆయనకు కావలసిన పాట ఫోన్‌లో చిన్నగా పెట్టండి. ఇన్‌ఛార్జి అన్న రెండో సగం, బిల్లు కట్టేవాళ్ళ సంగతి, అది పూర్తిగా తప్పు. అంతర్జాతీయ నర్సుల సమితి నీతి నియమావళి ఏ దేశపు నర్సుకైనా చెప్పేది ఒకటే: సంరక్షణ మనిషి స్థోమతను బట్టి మారకూడదు. ఆ మాట క్రైస్తవేతర సహోద్యోగులకు కూడా చెప్పవచ్చు, బైబిల్ తెరవక్కర్లేదు. హ్యాండోవర్‌లో మీరు "నైన్" అనకుండా పేరు చెప్పడం మొదలుపెట్టండి. వాదించకుండా, ప్రతి షిఫ్టులో. ఆయన నొప్పి సంగతి కూడా డాక్టర్‌కు అంకెల్లో చెప్పండి, పదికి ఎంత అని అడిగి. చెయ్యి పట్టుకోవడం మంచిదే, నొప్పిమందు డోసు చూడమని అడగడం కూడా అంతే ముఖ్యం.

పాలియేటివ్ కేర్‌కు వెళ్ళాలన్న ఆలోచన మీకు నప్పుతుంది. చివరి దశ రోగులను చూసుకునే ఆధునిక హాస్పిస్‌కు దారి చూపిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే, తర్వాత సోషల్ వర్కర్, ఆ పైన డాక్టర్. గట్టి క్రైస్తవురాలు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి అంటే శరీరానిది మాత్రమే కాదు, మనసుదీ, కుటుంబానిదీ, ఆత్మదీ అని ఆమె చెప్పింది మీరు తాత దగ్గర రోజూ చూస్తున్నదే. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ నర్సులకు సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్లు ఉన్నాయి. జీతం తక్కువ కావచ్చు, ఇంట్లో మీ సంపాదన మీద ఎంత ఆధారపడ్డారో లెక్క చూసుకోండి. జర్మనీకైతే సాధారణంగా బీ2 స్థాయి (మధ్యస్థం దాటిన) జర్మన్ భాష కావాలి, అంటే నెలల తరబడి చదువు. అక్కడ జీతం, నర్సుల సంఖ్య మెరుగు. మీ రంగు చూసి మొహం తిప్పుకునే ముసలివాళ్ళు అక్కడా ఉండవచ్చు. నాలుగో బెడ్ నుంచి పారిపోవడానికే వెళ్తున్నట్టయితే కొంచెం ఆగండి. తాత బెడ్ లాంటివి ఇంకా చూడాలని వెళ్తున్నట్టయితే వెళ్ళండి. ఇప్పటికిప్పుడు నిర్ణయించకండి. నైట్ డ్యూటీల వరుస ముగిశాక, రెండు రోజులు నిద్రపోయాక ఆలోచించండి. భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను యేసు ఏకాంతంగా వచ్చి కొంచెం విశ్రాంతి తీసుకోమన్నాడు. జనం అప్పటికీ వస్తూనే ఉన్నారు.

చివరగా క్షమాపణ. ఆయన తిట్టడం వేరు, మీరు ఆయన్ను అందరి ముందు విప్పడం వేరు. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు, అది మీకూ తెలుసు కాబట్టే రాశారు. చెప్పాలనుకుంటే రెండు ముక్కల్లో చెప్పండి: "ఆ రోజు కర్టెన్ వేయలేదు, తప్పు చేశాను. ఇక అలా జరగదు." ఆయన మళ్ళీ తిట్టవచ్చు, తల తిప్పుకోవచ్చు. తిట్టినా మీరు చెప్పింది చెప్పినట్టే. నోటితో చెప్పే ధైర్యం రాకపోతే ఇక నుంచి ప్రతిసారీ కర్టెన్ లాగండి, అదీ క్షమాపణే, కాకపోతే ఆయనకు అర్థం కావడానికి సమయం పడుతుంది. ఏదైనా ఆయన డిశ్చార్జి లోపలే చేయండి. కొడుకు ముందు మాత్రం చెప్పకండి. అతను ఆ మాటను తీసుకెళ్ళి మీ మీదే ఫిర్యాదు రాస్తాడు. మీరు మీ ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే దాన్ని ముందు ఇవ్వండి, ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళండి.